మనసు కుదుటపడే చేతిపని: పలక మీద ముగ్గు, బంకమట్టి, బొంత కుట్టు ఇంట్లో ఎట్లా మొదలుపెట్టాలి

మనసు బాగాలేనివాళ్లకు "ఏదైనా చేతిపని పెట్టుకో" అని అందరూ చెబుతారు. ఏ పని, ఎంతసేపు, ఏ వరుసలో అని అడిగితే మాత్రం జవాబుండదు. దాంతో రంగులూ, కుంచెలూ, కాన్వాసులూ కొనుక్కొచ్చి మూడో నాటికి అటక ఎక్కిస్తారు. ఖర్చు దండగ కావడం ఒకెత్తు, "నావల్ల ఇది కూడా కాలేదు" అన్న దిగులు ఇంకొకెత్తు.

మనసుకు పనికొచ్చే చేతిపనికి మూడు గుణాలుండాలి. పని చిన్నదై ఉండాలి. ఎట్లా చేయాలో ముందే తేలిపోయి ఉండాలి, కూర్చున్నాక ఆలోచించే పని పడకూడదు. ఎక్కడ ఆపాలో కూడా ముందే తెలిసుండాలి. నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లలో పెద్ద ఖర్చు లేకుండా ఈ మూడూ కుదిరే పనులు పలక మీద మెలికల ముగ్గు, బంకమట్టి ప్రమిదలు, పాత చీరల బొంత.

## 1. ముందు ఇది చూసుకోండి

చేతిపని తోడు మాత్రమే, వైద్యం కాదు. కింది వాటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు, తర్వాతే పలకైనా సూదైనా.

- రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి గాడిన పడకపోవడం
- స్నానం, వంట, ఉద్యోగం లాంటి మామూలు పనులు కూడా జరగకపోవడం
- బతకడం ఎందుకన్న ఆలోచన రావడం
- ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ నంబరు 14416. 24 గంటలూ పలుకుతుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో మానసిక వైద్యుల ఓపీలో చూపించుకోవచ్చు.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్లు, పని మొదలుపెట్టాక మనసు తేలికైందని వాటిని మానకూడదు. కొన్ని మాత్రలకు చేతులు వణుకుతాయి. అట్లాంటివాళ్లకు సూది కన్నా మట్టి నయం. తనకు తాను హాని చేసుకునే ఆలోచన ఉన్న మనిషి చేతికి సూదీ కత్తెరా ఇచ్చి ఒంటరిగా వదలొద్దు.

## 2. మనసు తీరును బట్టి పని

మూడూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఇప్పుడు మీ ఇబ్బంది ఏదో చూసుకుని ఒక్కటి ఎంచుకోండి.

ఆలోచనలు ఆగకుండా తిరుగుతుంటే ముగ్గు. చుక్కలు లెక్కపెట్టాలి, గీత ఎటు తిరగాలో చూసుకోవాలి. ఆ లెక్క నడిచినంతసేపూ రేపటి ఫీజు గురించో, చెరువులో రొయ్యల రేటు గురించో తలచుకోవడానికి బుర్రలో చోటుండదు. 2005లో అమెరికాలో 84 మంది కాలేజీ విద్యార్థులతో ఒక పరిశీలన చేశారు. గుండ్రటి నమూనాకో గళ్ల నమూనాకో రంగులు నింపినవాళ్లలో ఆందోళన తగ్గింది. ఖాళీ కాగితం ఇచ్చి ఇష్టమొచ్చింది వేసుకోమన్నవాళ్లలో అట్లా తగ్గలేదు. కంగారులో ఉన్నవాళ్ల ముందు తెల్ల కాగితం పెట్టి "నీ మనసులో ఉంది గియ్యి" అనడం అందుకే సరికాదు.

కోపం, చిరాకు, ఒళ్లు బిగదీసినట్టు ఉంటే మట్టి. పిసకడం, గుద్దడం, నలపడం అన్నీ ఇందులో పనిలో భాగమే. నచ్చకపోతే మళ్లీ ముద్ద చేసేయొచ్చు.

దిగులుగా, ఏమీ చేయబుద్ధి కాకుండా ఉంటే బొంత. ఇందులో కొత్తగా ఆలోచించాల్సింది ఏమీ లేదు. నిన్న ఎక్కడ ఆపారో సూది అక్కడే ఉంటుంది. ఎంత పని జరిగిందో కళ్లకు కనిపిస్తుంది. దిగులుగా ఉన్న మనిషికి ఆ కనిపించడం అవసరం.

ఉదయగిరి చెక్క గరిటెలు చూసి ఉలి పట్టాలనిపిస్తుంది చాలామందికి. మంచి పనే. కాకపోతే పదును ఉన్న పనిముట్టు, నేర్పే మనిషి దగ్గర లేకుండా, మనసు చెదిరి ఉన్నప్పుడు మొదలుపెట్టేది కాదు.

## 3. చోటు, వేళ, సరంజామా

రోజుకు 20 నిమిషాలతో మొదలుపెట్టండి. అలవాటయ్యాక 45 దాకా పోవచ్చు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో 39 మంది పెద్దలతో 45 నిమిషాలు మట్టి, బొమ్మలు, కాగితపు పని చేయించి 2016లో ఫలితాలు ప్రకటించారు. నలుగురిలో ముగ్గురికి ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. ఇంతకుముందు చేయి తిరిగినవాళ్లకూ, కొత్తవాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. పోల్చి చూడటానికి పని చేయని గుంపు లేదు కాబట్టి దీన్నే పెద్ద రుజువు అనుకోనక్కర్లేదు. "నాకు కళ రాదు" అనేవాళ్లకు మాత్రం కాస్త ధైర్యం ఇస్తుంది.

వేళ రోజూ ఒకటే ఉండాలి. పొద్దున కాఫీ అయ్యాక అనో, సాయంత్రం దీపం పెట్టాక అనో ఇంట్లో రోజూ జరిగే ఒక పనికి ముడిపెట్టండి. "తీరిక దొరికినప్పుడు" అనుకుంటే ఎప్పటికీ దొరకదు. ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా వద్దు. చెమట చేతులతో సూది జారుతుంది, చిరాకు రెండింతలవుతుంది.

కూర్చునే చోట వెలుతురు ఎడమ పక్క నుంచి పడాలి (ఎడమచేతి వాటం వాళ్లకు కుడి నుంచి). నేల మీద కూర్చుంటే నడుముకు గోడ ఆసరా, మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ, బల్ల. 40 దాటినవాళ్లు దగ్గరచూపు కళ్లజోడు లేకుండా సూది పట్టొద్దు. వచ్చిన తలనొప్పిని మనసు మీదికి నెట్టేస్తారు.

ఏ పనికైనా ముందుగా ఉండాల్సినవి:

- మూత ఉన్న డబ్బా, పని సామానంతా ఒక్కచోట
- 20 నిమిషాలకు మోగే అలారం (ఫోన్‌లో అయితే అలారం పెట్టి ఫోన్‌ను పక్క గదిలో ఉంచాలి)
- చిన్న నోటుపుస్తకం, పెన్ను
- తడిగుడ్డ

## 4. పలక మీద మెలికల ముగ్గు

వాకిట్లో వద్దు, పలక మీద వేయండి. వాకిలి ముగ్గు దారిన పోయే ప్రతివాళ్లూ చూస్తారు, వంకర ఉంటే మాట పడుతుంది. మార్కాపురం పలకా, బలపం చాలా ఇళ్లలో పిల్లలు వదిలేసినవి ఉంటాయి. తప్పుపోతే తడిగుడ్డతో తుడిస్తే సరి. పలక నున్నగా అయిపోయి బలపం జారుతుంటే బొగ్గు ముక్కతో రుద్ది, కడిగి ఆరనివ్వండి.

మొదటి రోజు అయిదు చుక్కల ముగ్గు.

1. పలక మధ్యలో ఒక చుక్క పెట్టండి. దానికి పైన, కింద, కుడి, ఎడమ ఒక్కో చుక్క. చుక్కకూ చుక్కకూ మధ్య రెండు వేళ్ల ఎడం.
2. మధ్య చుక్కకూ కుడి చుక్కకూ నడుమ ఉన్న సందులో బలపం ఆనించండి. కుడి చుక్కకు పైనుంచి పోయి, చుట్టి, దాని కిందుగా మళ్లీ అదే సందుకు రండి. మొదలుపెట్టిన గీతను అక్కడ దాటాలి.
3. ఆపకుండా మధ్య చుక్క పక్కనుంచి పై సందుకు పోండి. పై చుక్కకు ఎడమగా ఎక్కి, దాని పైనుంచి తిరిగి, కుడిగా దిగి అదే సందులో గీతను దాటండి.
4. అక్కడినుంచి ఎడమ సందుకు. ఎడమ చుక్కకు కిందుగా పోయి, చుట్టి, పైనుంచి వచ్చి సందులో దాటండి.
5. కింది సందుకు దిగండి. కింది చుక్కకు కుడిగా పోయి, చుట్టి, ఎడమగా ఎక్కి సందు దాటితే చేయి మొదలుపెట్టిన చోటికే వస్తుంది.

నాలుగు చుక్కలు నాలుగు ఉచ్చుల్లో, మధ్య చుక్క ఒక గదిలో ఉండాలి. గీత ఎక్కడా చుక్కను తాకకూడదు. గీత కలవకపోతే చూడాల్సింది ఒకటే, ఏదో ఒక ఉచ్చు దగ్గర సందులో దాటకుండా వచ్చిన దారినే వెనక్కి పోయి ఉంటారు.

దీన్నే పదిసార్లు వేయండి. గీసేటప్పుడు ఊపిరి బిగబట్టడం అందరూ చేసే పని. ఒక్కో ఉచ్చుకు ఒక్కో ఊపిరి వదులుతూ పోతే చేయి కూడా వణకదు.

చుక్కల లెక్క ఇట్లా పెంచుకుంటూ పోండి:

- మొదటి 3 రోజులు: 1-3-1, మొత్తం 5 చుక్కలు
- 4 నుంచి 8వ రోజు: 1-3-5-3-1, మొత్తం 13 చుక్కలు
- తర్వాత సందు చుక్కలు (పక్క వరుస చుక్కల నడుమ సందుకు ఎదురుగా పెట్టేవి) 5 నుంచి 3 దాకా (3-4-5-4-3), మొత్తం 19
- చేయి కుదిరాక సందు చుక్కలు 7 నుంచి 4 దాకా, మొత్తం 37

పెద్ద ముగ్గులన్నీ ఒకే గీతలో రావు. కొన్ని రెండు మూడు గీతలుగా మూతపడతాయి. అది తప్పు కాదు. అలారం మోగేసరికి ముగ్గు సగంలో ఉంటే ఆ ఉచ్చు పూర్తిచేసి ఆపండి.

పలక మీద బాగా వచ్చాకే నేల మీదికి. అప్పుడు కూడా వాకిలి కన్నా పెరడు మేలు.

## 5. బంకమట్టి

అన్నిట్లోకీ తయారీ ఎక్కువగా ఉండేది దీనికే. ఈ తయారీలో తొందరపడితే తర్వాత ప్రతి ప్రమిదా పగులుతుంది.

ఏ మట్టి. కుమ్మరివాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న ముద్ద దొరికితే అంతకన్నా సులువు లేదు. వినాయక చవితి ముందు బొమ్మలు చేసేవాళ్ల దగ్గరా దొరుకుతుంది. లేదంటే ఎండిన చెరువు అడుగు బంకమట్టి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిని ఒక్కదాన్నే వాడకండి. తడికి బాగా ఉబ్బి, ఎండితే బాగా ముడుచుకునే మట్టి అది. ఇసుక కావాలంటే పెన్న ఇసుకో, వాగు ఇసుకో సన్నగా జల్లించి వాడండి. సముద్రం ఇసుకలో ఉప్పుంటుంది, ఎండాక ప్రమిద మీద తెల్లటి పొడి తేలుతుంది.

తయారీ (2 కిలోల మట్టికి).

1. గడ్డల్ని బాగా ఎండబెట్టండి. పూర్తిగా ఎండిన గడ్డ నీళ్లలో వేయగానే విచ్చుకుంటుంది. సగం తడి గడ్డ రెండు రోజులైనా అట్లాగే కూర్చుంటుంది.
2. బకెట్టులో మట్టి మునిగేదాకా నీళ్లు పోసి ఒక రాత్రి వదిలేయండి. పొడిగా దంచి జల్లించొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.
3. పొద్దున కలిపి, పలచని గుడ్డలోంచో జల్లెడలోంచో వడగట్టండి. రాళ్లు, వేర్లు పోవాలి.
4. మట్టి అడుక్కు దిగాక పైన తేలిన నీళ్లు వంచేసి, మిగిలిన గుజ్జును పాత పంచెలో మూటకట్టి వేలాడదీయండి. ఎండాకాలం ఒక రోజు, ముసురులో రెండు మూడు రోజులు.
5. చేతికి అంటుకోని ముద్ద అయ్యాక 400 గ్రాముల సన్న ఇసుక కలిపి, 15 నిమిషాలు పూరీపిండిలా పిసకండి. కోపం మీద ఉన్నవాళ్లు ఈ పని ఇంకెవరికీ ఇవ్వొద్దు.
6. పరీక్ష: పెన్సిలంత తాడు చేసి చూపుడువేలికి చుట్టండి. చీలకుండా చుట్టుకుంటే సిద్ధం. చీలితే నీటిచుక్కలు కలిపి మళ్లీ పిసకండి, అప్పటికీ చీలితే ఇసుక ఎక్కువైనట్టు.

తడిగుడ్డ చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెడితే రెండు వారాలకు సరిపడా ఉంటుంది.

ప్రమిద. పెద్ద నిమ్మకాయంత ముద్ద తీసుకుని రెండు అరచేతుల మధ్య గుండ్రంగా చేయండి. ఎడమ అరచేతిలో పెట్టి కుడి బొటనవేలు మధ్యలో దించండి, అడుగున చిటికెనవేలి మందం మిగలాలి. ఇక బొటనవేలు లోపల, రెండు వేళ్లు బయట పెట్టి నొక్కుతూ, ప్రతి నొక్కుకూ ముద్దను కొంచెం తిప్పండి. అడుగు నుంచి అంచుకు రండి. అంచు నుంచి మొదలుపెడితే అది పలచనై విచ్చుకుపోతుంది. చివర తడివేలితో అంచు ఒకసారి నిమిరి, ఒకవైపు వత్తికి చిన్న ముక్కు లాగండి.

చేసేటప్పుడు మాటిమాటికీ నీళ్లు రాయడం కొత్తవాళ్ల అలవాటు. నున్నగా వస్తుంది గానీ ఎండాక సన్న పగుళ్లు దేలుతుంది.

రోజుకు మూడు చాలు. మూడింటిలో నచ్చిన ఒక్కటి ఉంచుకుని మిగతా రెండూ నలిపి ముద్దలో కలిపేయండి. కొందరికి ఈ నలిపేయడం మొదట్లో ప్రాణం ఒప్పదు. రెండు మూడు రోజులకు అలవాటవుతుంది, చేతిలో బిగువు పోయేదీ అప్పుడే.

ఎండబెట్టడం. నీడలోనే. అంచు పలచన, ముందే ఎండి ముడుచుకుంటుంది. అడుగు మందం, ఇంకా తడిగా ఉంటుంది. ఆ లాగులాటలోనే పగులు పుడుతుంది. రోహిణి కార్తె వేడిలో మొదటి రోజంతా తడిగుడ్డ కప్పి ఉంచండి, రెండో రోజు తీసి బోర్లించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈ వైపు పెద్ద వానలు అప్పుడే గనక, వారం పట్టినా తొందరపెట్టొద్దు. పొయ్యి పక్కన పెట్టొద్దు.

కాల్చని ప్రమిద నూనె పీలుస్తుంది, నీళ్లు తగిలితే కరుగుతుంది. దీపం పెట్టాలంటే కుమ్మరివాళ్ల ఆవంలో కాల్పించుకోవాలి. పూసలూ, పిన్నీసులూ వేసి దాచుకోవడానికి ఎండినది చాలు. ఎండాక పగిలినదాన్ని అతికించే ప్రయత్నం చేయకండి. నీళ్ల బకెట్టులో వేస్తే తెల్లారేసరికి మళ్లీ మట్టే.

## 6. బొంత

మంచమంత బొంత మొదలుపెట్టొద్దు. మూరెడు చదరం ఆసనం కుట్టండి, పది రోజుల్లో పూర్తవుతుంది.

- పాత కాటన్ చీరలో చిరగని మీటరున్నర (పాలిస్టరు వద్దు, పొరలు జారిపోతాయి)
- తెల్ల కాటన్ దారం, పొడవాటి సూది, కత్తెర
- సుద్దముక్క, స్కేలు, గుండుసూదులు

1. గుడ్డ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. ఉతక్కుండా కుడితే తర్వాత ఒక్కో పొర ఒక్కోలా కుంచించుకుంటుంది.
2. 50 సెంటీమీటర్ల చదరాలు రెండు, 45 సెంటీమీటర్లవి మూడు కత్తిరించండి.
3. పెద్దది ఒకటి కింద, చిన్నవి మూడూ నడుమ, పెద్దది పైన. పెద్దవాటి అంచులు లోపలికి మడిచి గుండుసూదులు గుచ్చండి.
4. బెత్తెడు ఎడంతో కచ్చాకుట్టు వేయండి. మధ్యనుంచి అంచులకు వేస్తే ముడతలు బయటికి పోతాయి.
5. సుద్దతో 2 సెంటీమీటర్లకు ఒక గీత. మొత్తం 22 వరుసలు వస్తాయి.
6. దారం 140 సెంటీమీటర్లు తీసి సూదిలో రెండు పోగులుగా ముడేయండి. ఒక వరుసకు సరిపోతుంది. అంతకన్నా పొడవు తీస్తే చిక్కులు పడుతుంది, ఆ చిక్కు విప్పేటప్పుడే చాలామంది పని వదిలేస్తారు.
7. కుట్టు బియ్యపుగింజంత. సూది అయిదు పొరల్లోంచీ కిందికి వచ్చిందో లేదో వేలితో చూసుకుంటూ పోండి.

రోజుకు మూడు వరుసలు. హుషారుగా ఉందని పది కుడితే, మెడ పట్టేసి రేపు కూర్చోరు. లేచే ముందు రేపటి సూదికి దారం ఎక్కించి, నాలుగో వరుసలో ఒక్క కుట్టు వేసి డబ్బాలో పెట్టేయండి. దిగులు రోజున అన్నిటికన్నా కష్టం మొదటి కుట్టు. అది నిన్ననే అయిపోయి ఉంటుంది.

వరుస వంకరపోతే విప్పాలా? ఒక వేలి వెడల్పు దాటితేనే. గుడ్డ గుంజుకుపోయి ముడతలొస్తుంటే దారం బిగించి లాగుతున్నారని అర్థం, ప్రతి వరుస చివరా బొటనవేలితో వరుస పొడవునా సాపు చేసి అప్పుడు ముడేయండి.

ఏడాది, రెండేళ్ల పిల్లలున్న ఇంట్లో సూదులు లెక్కపెట్టి తీయాలి, లెక్కపెట్టి పెట్టాలి.

## 7. నోటుపుస్తకంలో రెండు అంకెలు

కూర్చునే ముందు మనసులో అలజడి (లేదా దిగులు) 0 నుంచి 10లో ఎంతుందో రాయండి. లేచాక ఇంకోసారి రాయండి. "12వ తేదీ, ముగ్గు, 7, 5". అంతే. దినచర్య రాయక్కర్లేదు, రాస్తే అదొక బరువవుతుంది.

రెండు అంకెలూ సమానంగా ఉన్న రోజులు వస్తాయి. వరుసగా మూడు రోజులు రెండో అంకె పెరిగితే వేళ మార్చండి. అప్పటికీ పెరుగుతుంటే పని మార్చండి.

## 8. తరచూ జరిగే పొరపాట్లు

ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం. పెట్టిన నిమిషం నుంచి ఎవరు చూశారో చూసుకోవడమే పని. మొదటి రెండు వారాలు ఫొటోలు వద్దు.

అమ్మకం ఆలోచన. "ఇంత బాగా వచ్చింది, అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి" అని ఎవరో ఒకరు అంటారు. ఆర్డరు వచ్చిందంటే గడువు వస్తుంది, గడువుతో ఒత్తిడి వస్తుంది. మనసు కోసం చేసే పనినీ డబ్బు కోసం చేసే పనినీ వేర్వేరుగా ఉంచండి.

ఇంట్లోవాళ్ల మాటలు. మగవాళ్లు ముగ్గు వేస్తే "ఏందబ్బయా, పలక బలపం పట్టుకొని కూర్చున్నావ్, మళ్లీ ఒకటో తరగతా?" అంటారు. కోడలు కూర్చుంటే "అమ్మాయ్, పొయ్యి మీద పాలు చూసుకో" అన్న కేక వినబడుతుంది. మొదటి రోజే ఇంట్లో చెప్పేయండి: "ఈ 20 నిమిషాలు నన్ను పిలవొద్దు, అలారం మోగాక వస్తా." ఇల్లాళ్లకు ఇది అందరికన్నా కష్టం. అందుకే పాలు దించి, కుక్కర్ కట్టేశాకే కూర్చోవాలి.

పక్కన టీవీ. సీరియల్ చూస్తూ కుడితే బొంత వస్తుంది, అంకె తగ్గదు. పాట విన్నా ఫరవాలేదు.

నేర్పే వీడియోలు. ఒక ముగ్గు కోసం తెరిచి గంటసేపు చూస్తూ కూర్చోవడం. కావాల్సిన చుక్కల లెక్క ముందు రోజే కాగితం మీద రాసిపెట్టుకోండి.

తప్పిపోయిన రోజు. పెళ్లో, ప్రయాణమో, జ్వరమో వస్తుంది. మర్నాడు రెండు రోజుల పని కలిపి చేయొద్దు, మామూలు 20 నిమిషాలే.

## 9. పద్నాలుగు రోజులయ్యాక

నోటుపుస్తకం తీసి అంకెలు చూడండి. పద్నాలుగింటిలో సగానికి పైగా రోజులు రెండో అంకె తగ్గి ఉంటే అదే పని, అదే వేళ కొనసాగించండి, సమయం మాత్రం 30 నిమిషాలకు పెంచండి. రెండో పని కలపాలనిపిస్తే వారంలో ఒక్క రోజు, ఆదివారం లాంటిది, దానికి కేటాయించండి.

లేచాక తగ్గుతున్నా, కూర్చునే ముందు రాసే మొదటి అంకె రెండు వారాలూ 8, 9 దగ్గరే ఉంటే చేతిపని తన పని తాను చేస్తోంది గానీ సమస్య దానికి అందేది కాదు. ఆ పుస్తకమే తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. "ఎప్పటి నుంచి, ఎంత" అన్న ప్రశ్నకు అందులో తేదీలతో సహా జవాబుంటుంది.